అల్ హైల్‌లో పుట్టిన భారతీయురాలు

మస్కట్‌లో మా తెలుగువాళ్ల సంఘానికి పదకొండేళ్లు సేవ చేశాను. సేవ అనేది వేదిక మీద వాడే మాట. నిజానికి నేను చేసిందల్లా ఫోన్ ఎత్తడం, ఫారాలు నింపడం, ఆసుపత్రిలో భాష రాని మనిషి మంచం పక్కన కూర్చుని నర్సు చెప్పింది తెలుగులో చెప్పడం. ఎవరైనా పోతే ఇంటికి పంపే కాగితాలన్నీ ఒక చోట చేర్చడం. మిగిలిన రోజుల్లో ఒక ఇంజినీరింగ్ ఆఫీసులో భవనాల ప్లాన్లు గీసే ఉద్యోగం. మాది కాకినాడ. ఇక్కడ దార్సైట్‌లో రెండు గదుల ఫ్లాటు. మా ఆయన కూడా ఉద్యోగస్తుడే.

ఆ సంవత్సరం నవంబరు వచ్చేసరికి నాకు విసుగు ముదిరింది. ఫోన్ మోగితే ముందు దాన్ని బోర్లించి పెట్టేదాన్ని. కాసేపాగి మళ్లీ నేనే తిప్పి చూసేదాన్ని. సాయంత్రానికి పాదాలు వాచేవి. జనవరిలో గణతంత్ర దినోత్సవం ప్రోగ్రామ్ బాధ్యత నా మీదే ఉంది. పిల్లల డాన్సులు పన్నెండు. అందులో భారతమాత వేషం ఎవరికివ్వాలన్న దగ్గర ముగ్గురు తల్లులు నాతో మాట్లాడటం మానేశారు.

"ఈ ఏడుతో ఆపెయ్. నీకు ఓపిక ఎక్కడుంది?" అన్నారు మా ఆయన, వేడినీళ్ల బకెట్ తెచ్చి నా కాళ్ల ముందు పెడుతూ.

"ఈ ఏడుతో ఆపేస్తానండీ," అన్నాను. అంతకుముందు రెండేళ్లు కూడా ఆ మాటే అన్నాను.

ఆ వారంలోనే కడప తమ్ముడు ఫోన్ చేశాడు. అతను అల్ ఖౌద్‌లో ఒక ఒమానీ కుటుంబానికి ఇంటి డ్రైవరు. కడప ముస్లిం. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, నాతో తెలుగు. నాలుగేళ్లుగా శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో దొరికిన తీరికా మా పనులకే ఇచ్చేవాడు. అరబీ బాగా వచ్చు కాబట్టి ఆఫీసులకు వెళ్లాలంటే అతను లేకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

"అక్కా, ఒక కేసుండాది. అల్ హైల్‌లో," అన్నాడు.

"వచ్చే వారం చూద్దాం తమ్ముడూ. నా వల్ల కావట్లేదు."

"చిన్న పాప ఉండాదక్కా. ఎనిమిదేండ్లు. ఒక్క కాయితం కూడా ల్యా."

కాగితాలు లేని పెద్దవాళ్లను చాలామందినే చూశాను. అర్బాబ్ దగ్గర నుంచి, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర నుంచి పారిపోయి, వీసా అయిపోయి, దొరికిన పని చేసుకుంటూ దాక్కుని బతికేవాళ్లు. వాళ్లకు కనీసం ఎక్కడో ఒక పాత పాస్‌పోర్టు జిరాక్సు ఉంటుంది. ఊళ్లో రేషన్ కార్డు మీద పేరు ఉంటుంది. ఎనిమిదేళ్లు బతికి, ఏ దేశం రికార్డులోనూ లేని మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

శుక్రవారం పొద్దున అతని బండిలో అల్ హైల్ వెళ్లాం. ఒమాన్ జాతీయ దినం దగ్గర పడింది. హైవే పొడుగునా స్తంభాలకు ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ దీపాలు కట్టారు. కార్ల అద్దాలకు స్టిక్కర్లు, ఇళ్ల మీద జెండాలు. వెల్డింగ్ షాపులు దాటాక ఒక సందులో తెల్ల గోడ ఇల్లు. దాని వెనక గోడకు ఆనుకుని రేకుల గది. గది ముందు ఒక పిల్ల ఒమాన్ రంగుల స్కార్ఫు మెడకు రెండు చుట్లు చుట్టుకుని, చేతిలో చిన్న జెండా పట్టుకుని నిలబడి ఉంది. చింపిరి జుట్టు, పెద్ద కళ్లు. మమ్మల్ని చూసి పారిపోలేదు.

"మా జెండా చూసినావా?" అంది నాతో, జెండా పైకెత్తి.

"చూశాను. బాగుంది. మీ జెండానా?"

"ఊ. మా ఒమాన్‌ది. హబ్బూబా ఇచ్చె."

హబ్బూబా అంటే ఇక్కడి మాటలో అమ్మమ్మ, నానమ్మ. ముందున్న ఇంటి ఒమానీ ముసలావిడను ఆ పిల్ల అలా పిలుస్తుంది.

లోపలి నుంచి తల్లి వచ్చి పిల్లను వెనక్కి లాగింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. చేతులు ఇళ్లు కడిగే క్లోరిన్ నీళ్లకు పాలిపోయి ఉన్నాయి. "అది మన జెండా కాదు మా. మనది ఇండియా అని చెప్పలా?" అంది పిల్లతో.

"ఇండియా యాడుంది?" అంది పిల్ల. తల్లి మమ్మల్ని లోపలికి రమ్మని చాప పరిచింది.

రాయచోటి దగ్గర పల్లె వాళ్లది. భర్త ముందు వచ్చాడు, సైట్‌లో తాపీ పని. తర్వాత రెండేళ్లకు తను ఇంటిపని వీసా మీద వచ్చింది. చేరిన ఇంట్లో ఇరవై గంటల చాకిరీ, చేయి చేసుకోవడం. ఏడు నెలలు ఓర్చుకుని ఒక మధ్యాహ్నం చెత్త సంచి పట్టుకుని బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లలేదు. పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. భర్త ఈ గది అద్దెకు తీసుకున్నాడు. పిల్ల ఇక్కడే పుట్టింది. ఆసుపత్రికి పోతే బతాకా అడుగుతారు, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు. అది లేదు. నొప్పులు మొదలైతే ముందింటి ముసలావిడే వచ్చి పురుడు పోసింది.

"ఇంతకాలం ఎందుకు బయటికి రాలేదమ్మా?"

"పాపను, నన్ను వేరే చేస్తారని భయం. నేనంటే ఇండియాదాన్ని, తోలేస్తారు. దాన్ని యాడికి తోలుతారు? దానికి ఊరే ల్యాకపాయె. ఆ భయానికే ఊరికి గూడా ఫోన్ చెయ్యల్యా."

"మరి ఇప్పుడు?"

"కాయితాలు లేనోళ్లు కేసు ల్యాకుండా ఇంటికి పోవచ్చునని గవుర్మెంటు గడువిచ్చిందంట గదక్కా. ఈ తమ్ముడు చెప్పె. దానికి సదువుకునే వయసు దాటిపోతాంది." అని ఆగి, నా మొహంలోకి చూసి, "మిమ్మల్ని నేను ఎరుగుదును అక్కా. మీ గొంతు ఎరుగుదును," అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ లేచి గోడ మీది పెట్టె తెరిచి ఒక ఫోటో తెచ్చింది. మనిషి మొహం చూడగానే గుర్తుపట్టాను. బతికుండగా నేనతన్ని ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ మొహం ఉన్న పాస్‌పోర్టు కాపీ మూడు రోజులు నా చేతిలో పట్టుకు తిరిగాను. అయిదేళ్ల కింద సైట్‌లో గుండె ఆగి పోయిన మనిషి. ఇంటికి పంపే కాగితాలన్నీ నేనే చేయించాను.

"మీరే గదా ఆయన్ని పంపిచ్చింది. ఆయన కంపెనీ రూమోళ్లకు మీరు ఫోన్ చేసినారు. ఆయప్ప మనుషులు ఇక్కడ ఎవురన్నా ఉండారా అని అడిగినారు. వాళ్లు స్పీకర్ పెట్టిరి. నేను ఆ పక్కనే ఉండాను, పాప నోరు చేత్తో మూసుకోని. ఎవురూ ల్యారని చెప్పమని నేనే చెయ్యి ఊపితి."

ఆ మాటల్లో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అయిదేళ్లుగా నాకు ఎప్పుడూ గుర్తురాని ఒక సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అదే వారంలో ఇండియా నుంచి ఆ మనిషి తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. విమానం ఎప్పుడొస్తుంది, ఎక్కడికి రావాలి అన్నీ రాసుకున్నాక, కాస్త ఆగి, "ఇంకెవురూ రావడం ల్యాదా మేడం?" అని అడిగాడు. ఆ రోజు నాకు జ్వరం. "శవపేటికతో పాటు మనుషులెవరూ రారండీ," అని విసురుగా చెప్పి పెట్టేశాను. అతను అడిగింది తన వదిన గురించి. కాగితాలు లేని మనిషిని ఫోన్‌లో పేరు పెట్టి అడగడానికి భయపడ్డాడు. మీరెవరి గురించి అడుగుతున్నారండీ అని ఒక్క మాట నేను అడిగి ఉంటే వీళ్ల సంగతి అప్పుడే తెలిసేది. ఆ పిల్లకు అప్పుడు మూడేళ్లు.

తిరుగు దారిలో డ్రైవరు తమ్ముడితో ఈ సంగతి చెప్పాను. అతను బండి వేగం తగ్గించాడు.

"జ్వరమొచ్చిండె గదక్కా," అన్నాడు.

"జ్వరం అందరికీ వస్తుంది తమ్ముడూ."

"రేపు మొదలుపెడదాం," అన్నాడు. నేను సరే అన్నాను.

రాయబార కార్యాలయంలో మాతో మాట్లాడిన అధికారి మర్యాదస్తుడు. తల్లికి పాస్‌పోర్టు బదులు ఒకసారి ప్రయాణానికి పనికొచ్చే కాగితం, మా వాళ్లు అవుట్‌పాస్ అంటారు, అది ఇవ్వడం తేలికే అన్నాడు. పిల్లను భారత పౌరురాలిగా నమోదు చేయాలంటే రెండు కావాలి. తను ఇక్కడ పుట్టిందని ఒమాన్ ఇచ్చే జనన పత్రం. తల్లిదండ్రులు భారతీయులనీ, భార్యాభర్తలనీ రుజువు. "పెళ్లి సర్టిఫికెట్ ఉందా?" అని అడిగాడు. గుడి ముందు జరిగిన పెళ్లి. ఎక్కడా రాయించలేదు. ఫోటోలు కూడా లేవు.

మా ఇంట్లో బీరువా పైన ఒక పాత సూట్‌కేసు ఉంటుంది. పాత కేసుల జిరాక్సులన్నీ అందులో పడేస్తాను. పారెయ్యమని మా ఆయన నాలుగైదుసార్లు అని ఉంటారు. శనివారం పొద్దున దాన్ని దించి, నేల మీద కూర్చుని వెతికాను. పోయినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే తిరగేస్తుంటే నీరసం ముంచుకొచ్చింది. మా ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని సగం కట్ట తీసుకున్నారు. ఆయనకే దొరికింది. "ఇదిగో, రాయచోటి," అన్నారు. మొదటి పేజీ, చివరి పేజీ రెండూ ఉన్నాయి. చివరి పేజీలో భార్య పేరు అన్న చోట ఆమె పేరు ఇంటిపేరుతో సహా అచ్చయి ఉంది. పెళ్లయ్యాక పాస్‌పోర్టు రెన్యువల్ చేయించినప్పుడు అతను రాయించుకున్నాడు.

అదే రోజు అతని తమ్ముడి నంబరు కూడా ఆ కాగితాల్లో దొరికితే ఫోన్ చేశాను. నేనెవరో చెప్పి, మీ వదిన, మీ అన్న కూతురు ఇక్కడ ఉన్నారని చెప్పాను. "నేను అప్పుడే అడగాల్సింది. మీరెవరి గురించి అడుగుతున్నారో ఆ రోజు వినకుండానే పెట్టేశాను," అన్నాను. నా మాట అతనికి చేరినట్టు లేదు. "పాపా? పాప పుట్టిందా మేడం?" అంటున్నాడు, మళ్లీ మళ్లీ. ఊరి కాగితాలు, సర్పంచి సంతకం, అన్నీ పది రోజుల్లో పంపించాడు.

పుట్టుక రుజువు మాత్రం ఆ ముసలావిడ ఒక్కతే. ఆవిడ సాక్ష్యం చెబితే, కాగితాలు లేనివాళ్లకు ఇన్నేళ్లు చోటిచ్చినట్టు తనే ఒప్పుకున్నట్టవుతుంది. అడగడానికి నాకు నోరు రాలేదు. డ్రైవరు తమ్ముడే ఆవిడ ముంగిట్లో కూర్చుని, ఖర్జూరం తిని, ఇక్కడి కాఫీ, ఖావా, రెండు గిన్నెలు తాగి మెల్లగా అడిగాడు. ఆవిడ కొడుకు, ఏదో ఆఫీసులో పనిచేసే మర్యాదైన మనిషి, నా కోసం ఇంగ్లీషులోనే అన్నాడు, అమ్మకు డెబ్బై దాటాయనీ, ఈ వయసులో ఆవిడను ఆఫీసుల చుట్టూ తిప్పొద్దనీ. అతన్ని తప్పుపట్టలేను. నా తల్లి అయితే నేనూ అలాగే అనేదాన్ని.

ముసలావిడ తన కొడుకు మాట పూర్తిగా విన్నది. తర్వాత ఏదో అంటూ రెండు అరచేతులూ ముందుకు చాపింది.

"ఏమంటోంది?" అన్నాను.

"బిడ్డ ఈ చేతుల్లో పడిందంట. చూసినానని చెప్పడానికి ఎవురి పర్మిషన్ కావాలంటాంది," అన్నాడు డ్రైవరు. కొడుకు తల దించుకుని నవ్వాడు. మర్నాడు తన తల్లిని జననాలు నమోదు చేసే ఆఫీసుకు తీసుకొచ్చింది అతనే.

ఆఫీసులో అధికారి ఆవిడను లేచి పలకరించాడు. ఏ నెల, ఏ పూట, బొడ్డు ఎవరు కోశారు, అన్నీ రాసుకున్నాడు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదంది ఆవిడ. అతను రాస్తూ రాస్తూ కలం ఆపి నవ్వు దాచుకోవడం నేను చూశాను. ఆవిడ మీద ఏ కేసూ పెట్టలేదు.

ఆ తర్వాత తల్లీకూతుళ్లకు రక్త పరీక్షలు, కాగితాల మీద ముద్రలు, అనువాదాలు. ఒక కాగితంలో తల్లి పేరులో ఒక అక్షరం తేడా వచ్చి మొత్తం మళ్లీ మొదలైంది. డిసెంబరంతా నేను పొద్దున ఆఫీసులో ప్లాన్లు గీసి, మధ్యాహ్నం సెలవు అడుక్కుని క్యూల్లో నిలబడి, సాయంత్రం దార్సైట్‌లో పిల్లలకు డాన్సు రిహార్సల్ చేయించాను. ఒక రోజు డ్రాయింగ్ బోర్డు మీదే నిద్రపోయాను. లేచేసరికి మా మేనేజరు నా పక్కన టీ కప్పు పెట్టించి వెళ్లిపోయాడు. అది దయో హెచ్చరికో నాకు ఇప్పటికీ తెలియదు. మరో రోజు రిహార్సల్‌లో ఒక తల్లి, "మీరు ఈమధ్య ప్రోగ్రామ్ మీద శ్రద్ధ పెట్టడం లేదండీ. దేశభక్తి ప్రోగ్రామ్ కదా," అంది. నాకు ఆమెతో వాదించే శక్తి లేదు. పాట మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

జనవరిలో రెండు వారాలు గడిచాక జనన పత్రం చేతికొచ్చింది. మరుసటి వారం రాయబార కార్యాలయంలో పిల్ల సంతకం పెట్టాలన్నారు. రాయడం రాకపోతే వేలిముద్ర చాలన్నాడు అధికారి. పిల్ల కుర్చీ ఎక్కి మోకాళ్ల మీద నిలబడి, నాలుక బయటపెట్టి, తెలుగులో తన పేరు రాసింది. ఒత్తు కింద కాకుండా పక్కన పడింది. తల్లి గచ్చు మీద సబ్బు ముక్కతో నేర్పిన అక్షరాలు అవి.

అధికారి ఆ కాగితం చూసి, ముద్ర వేసి, "పాపా, ఇక నుంచి నువ్వు ఇండియా పౌరురాలివి. కంగ్రాట్స్," అని హిందీలో అంటూ చెయ్యి చాపాడు. ఆ మాట నేను పిల్లకు తెలుగులో చెప్పాను. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పిల్ల ఆ చెయ్యి ముట్టుకుని, "అయితే ఒమాన్?" అంది. అతను హిందీవాడు, అర్థం కాలేదు.

గణతంత్ర దినోత్సవం ప్రోగ్రామ్ దార్సైట్‌లో ఒక హాల్లో జరిగింది. శుక్రవారం పొద్దున. హాలు నిండింది. సేవ చేసినవాళ్లకు శాలువాలు కప్పుతారు, నా పేరు కూడా ఉంది. డ్రైవరు తమ్ముడి పేరు లేదు. కమిటీలో అడిగాను. సభ్యులు కానివాళ్లకు ఇవ్వడం లేదనీ, లిస్టు అచ్చుకు వెళ్లిపోయిందనీ, వచ్చేసారి చూద్దామనీ అన్నారు. అతనితో ఆ మాట చెప్పలేక, "ఇవాళ మీ అర్బాబ్ సెలవిచ్చాడా?" అని మాత్రం అడిగాను.

"డ్యూటీ ఉండాది. వీళ్లను దించేసి పోతా," అన్నాడు. తల్లినీ కూతుర్నీ హాలు ముందు దించి వెళ్లిపోయాడు.

ఎనిమిదేళ్లలో వాళ్లు పగటిపూట ఇంతమంది మధ్యకు రావడం అదే మొదలు. తల్లి ఆఖరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంది. జనగణమన మొదలైతే అందరూ లేచారు. పిల్ల కూడా లేచి రెండు చేతులూ తొడలకు గట్టిగా అదిమి నిటారుగా నిలబడింది. ముందింటి పక్క బడిలో పిల్లలు వాళ్ల గీతానికి అలా నిలబడటం గోడ మీద నుంచి రోజూ చూసేదట. పాట అయిపోయాక, "అంతేనా? చిన్నదే," అంది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. తల్లి సిగ్గుపడింది. నాకు ఆ రోజు వచ్చిన నవ్వు అదొక్కటే.

నన్ను వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పారు. దేశం గురించి, సేవ గురించి ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. చెడుగా ఏమీ మాట్లాడలేదు. నాకే నిలబడే శక్తి లేదు. పాదాలు చెప్పుల్లో ఇమడటం లేదు. దిగి వచ్చేసరికి వెనక వరుసలో తల్లి లేచి నిలబడి కంగారుగా చుట్టూ చూస్తోంది.

"పాప ల్యాదక్కా!"

బయటికి పరిగెత్తాం. హాలు ముందు రోడ్డు మీద కార్లు ఎక్కువై ఒక పోలీసు నిలబడి దారి చూపిస్తున్నాడు. పిల్ల తిన్నగా అతని వైపు నడుస్తోంది. తల్లి నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. ఎనిమిదేళ్లు ఆ యూనిఫాం కనిపిస్తే పిల్లను పరుపు వెనక కూర్చోబెట్టిన మనిషి.

పిల్ల పోలీసు ఎదురుగా ఆగి, "సలాం అలైకుం," అంది. అతను వంగి జవాబు చెప్పాడు. నీది ఏ ఊరు అని అరబీలో అడిగాడు. ఆ మాత్రం నాకూ తెలుసు.

పిల్ల స్పష్టంగా, రోడ్డంతా వినబడేట్టు చెప్పింది. "అనా హిందియ్యా. మిన్ అల్ హైల్."

నేను ఇండియన్‌ని, అల్ హైల్ నుంచి అని. ఆ పోలీసు పెద్దగా నవ్వి, స్వాగతం చెబుతున్నట్టు అహ్లన్ అహ్లన్ అంటూ తల మీద చెయ్యి వేసి, కార్లు ఆపి, తనే చెయ్యి పట్టుకుని రోడ్డు ఇవతలికి తెచ్చి మాకు అప్పగించాడు. తల్లి పిల్లను తీసుకోకుండా అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయింది. నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. శాలువా మడిచి ఇద్దరి కిందా వేశాను. పిల్ల మా ఎదురుగా నిలబడి, "పోలీసు మంచోడే మా," అని తల్లికి ధైర్యం చెప్పింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం విమానంలో వెళ్లిపోయారు. బయలుదేరే ముందు ముసలావిడ గది గుమ్మం దగ్గర నిలబడి పిల్ల రెండు చెంపలూ పట్టుకుని ఏదో ప్రార్థన చదివి మొహం మీద ఊదింది. ఏడవలేదు. పిల్ల మాత్రం విమానాశ్రయం దాకా ఏడుస్తూనే ఉంది. తను పుట్టిన దేశం నుంచి తన దేశానికి వెళుతోందని ఎవరు చెప్పినా వినిపించుకోలేదు. "నేను రాను. హబ్బూబా దగ్గరే ఉంటా," అంది. కౌంటరులో ఉద్యోగిని పిల్ల కొత్త పాస్‌పోర్టు తెరిచి ఒక్క పేజీ కూడా వాడని ఆ పుస్తకాన్ని చూసి, "మొదటి ప్రయాణమా?" అని అడిగింది. తల్లి అవునంది. డ్రైవరు తమ్ముడు డ్యూటీలో ఉండి రాలేకపోయాడు. ఫోన్‌లో పిల్లతో అరబీలో ఏదో జోకు చెబితే ముక్కు చీదుకుంటూ నవ్వింది. లోపలికి వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. తల్లి చూసింది.

ఆ ఏడు కమిటీ ఎన్నికల్లో నేను పేరివ్వలేదు. అడిగినవాళ్లకు ఆరోగ్యం బాగాలేదని చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఫోన్లు తగ్గాయి గానీ ఆగలేదు. వచ్చినప్పుడు మాత్రం అవతలి మనిషి మాట అయిపోయాక కూడా కాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంటున్నాను.

వేసవి సెలవులయ్యాక తల్లి ఫోన్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పిల్ల గొంతు. మొదట తెలుగులో నాతో మాట్లాడింది. చిన్నాయన బడిలో వేశాడని, రెండో తరగతిలో అందరికంటే తనే పొడుగని, ఇక్కడ కరెంటు పోతుందని, గేదెను ముట్టుకున్నానని. తర్వాత, "ఇది హబ్బూబాకు వినిపించు," అని అరబీలోకి దిగింది. ముసలావిడకు ఫోన్ వాడటం రాదు.

ఒక శనివారం సాయంత్రం డ్రైవరు తమ్ముడికి తీరిక లేక నేనే టాక్సీలో అల్ హైల్ వెళ్లాను. ఆవిడ ముంగిట్లో చాప మీద కూర్చోబెట్టింది. ఖావా పోసింది. నేను స్పీకర్ నొక్కి ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుని వింది. మధ్యలో ఒక చోట భుజాలు కదిలేంతగా నవ్వింది.

"ఏమంటోంది పిల్ల?" అని పక్కనే కూర్చున్న ఆవిడ కొడుకును అడిగాను.

"బడిలో అందరూ ఒమాన్ పిల్ల, ఒమాన్ పిల్ల అని పిలుస్తున్నారట. కోపం వచ్చి పాస్‌పోర్టు తీసుకెళ్లి టీచరుకు చూపించిందట. అయినా మానలేదట," అన్నాడు అతను. "ఇప్పుడు తనకు కోపం రావడం లేదట."

ముసలావిడ మళ్లీ పెట్టమని వేలితో సైగ చేసింది. పెట్టాను. గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎండ తగ్గి గాలి కొద్దిగా తిరిగింది. మూడోసారి మెసేజ్ మొదలైనప్పుడు నా కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి. ఎవరో నా నడుం వెనక దిండు జరపడం తెలిసింది. థాంక్స్ చెప్పాలనుకున్నాను గానీ, కళ్లు తెరవలేదు.